ఉప్పు నేలలో కట్టుబడి: ఫ్లైయాష్, స్లాగ్, ఊక బూడిద ఎంత కలపాలి, ఎక్కడ కలపకూడదు

లంకగాలి
అందరికీ నమస్కారమండి. సఖినేటిపల్లి వైపు, సముద్రానికి దగ్గర్లో రెండంతస్తుల ఇల్లు. నాలుగడుగులు తవ్వితే నీళ్ళు పడుతున్నాయి, అవీ ఉప్పనే. పుటింగులు, ప్లింత్ బీము దాకా పిల్లర్లు ఎప్పుడూ ఆ చెమ్మలోనే ఉంటాయి. మూడు సందేహాలు. రైసు మిల్లు బాయిలర్ బూడిద లోడుకి డబ్బు అడగకుండా ఇస్తామంటున్నారు. పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజ్జొలానా సిమెంటు) బస్తాకి తట్టెడు చొప్పున కలిపితే సిమెంటు కలిసొస్తుందని మేస్త్రి గారి మాట. ఉప్పు నేల కాబట్టి సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంటే వాడమని షాపులో సలహా. స్లాగ్ (ఇనుప కొలిమిలో తేలే మడ్డి) కలిపిన సిమెంటు ఆలస్యంగా గట్టిపడుతుంది, స్లాబుకి పనికిరాదని ఇంకొకరు. ఏది సరైనదో కొలతలతో చెప్పగలరు.

ల్యాబ్‌బల్ల
పీపీసీలో ఇంకే బూడిదా కలపకండి. అందులో ఫ్యాక్టరీలోనే ఫ్లైయాష్, అంటే బొగ్గు థర్మల్ కేంద్రాల సన్నటి బూడిద, కలిసి ఉంటుంది. భారత ప్రమాణం ఐఎస్ 1489 మొదటి భాగం ప్రకారం 15 నుంచి 35 శాతం. ఒక బస్తాలో 30 శాతం ఉందనుకోండి: 50 కిలోల్లో 15 కిలోలు బూడిద, 35 కిలోలు క్లింకరు, జిప్సమ్. దానిమీద మీరు 10 కిలోల తట్ట పోస్తే 60 కిలోల్లో 25 కిలోలు బూడిదే, అంటే దాదాపు 42 శాతం. ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠం దాటిపోయింది. పైగా మీరు పోసింది పరీక్షించిన ఫ్లైయాష్ కాదు, మిల్లు బూడిద.

విడిగా ఏదైనా కలపాలంటే 53 గ్రేడు ఓపీసీ (బూడిద కలపని సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు) కొని, దానిలో కలపాలి. అప్పుడే ఎంత కలిసిందో మన లెక్కలో ఉంటుంది.

ఎందుకు కలుపుతామో కూడా తెలిస్తే మేస్త్రి గారికి చెప్పడం తేలిక. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు పక్కన తడి సున్నం పుడుతుంది. ఆ సున్నానికి బలం లేదు, నీటిలో మెల్లగా కరుగుతుంది, ఉప్పునీరు దాన్ని ముందు పట్టుకుంటుంది. సన్నటి బూడిదలో ఉన్న సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని మళ్ళీ జిగురుగా మారుస్తుంది. కాంక్రీటులో సన్న రంధ్రాలు మూసుకుంటాయి, ఉప్పు లోపలికి వెళ్ళే దారి ఇరుకవుతుంది. డెల్టాలో బూడిద, స్లాగ్ వాడే కారణం ఇదీ. సిమెంటు మిగలడం రెండో సంగతి.

గానుగసున్నం
పాత పెంకుటిళ్ళ గోడల్లో గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపేవారు చూడండి, అదీ ఇదే రసాయనం. కాల్చిన మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి నీటికి ఆగే గార అయ్యేది. బూడిద కలపడం మన నేలకి కొత్తేమీ కాదు. ఏ బూడిద అన్నదే అసలు ప్రశ్న.

ఊక బూడిద విషయం వివరంగా రాస్తాను, మన జిల్లాల్లో అందరికీ ఎదురయ్యే సంగతి ఇది. వంద కిలోల ధాన్యానికి సుమారు 20 కిలోల ఊక, ఆ ఊక కాలిస్తే అందులో ఐదోవంతు బూడిద. బాగా కాలిన బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికా ఉంటుంది. ఈ అంకె చూసి చాలామంది మోసపోతారు. సిలికా ఎంత ఉందన్నది ఒకటి, అది ఏ రూపంలో ఉందన్నది మరొకటి. 600–700 డిగ్రీల దగ్గర కాలిస్తే గాజులాంటి చురుకైన సిలికా మిగులుతుంది. వేడి 800 డిగ్రీలు దాటి చాలాసేపు ఉంటే అదే సిలికా స్ఫటికంగా మారి సున్నంతో కలవడం మానేస్తుంది. ఇటుక బట్టీలో ఊక వేసి కాల్చినప్పుడు తేలే తెల్లని, గులాబీ రంగు బూడిద ఎక్కువగా ఆ రకం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, సిమెంటులో ఇసుక పొడిలాగా పడి ఉంటుంది.

మిల్లు బాయిలర్ బూడిదకి దీనికి ఎదురు జబ్బు. ఊక పూర్తిగా కాలకముందే బయటికి వస్తుంది కాబట్టి నల్లగా ఉంటుంది. ఆ నలుపంతా కాలని బొగ్గు. చిటికెడు తీసి బొటనవేలితో అరచేతిలో రుద్ది చూడండి: పొట్టు ఆకారం ఇంకా పడవలాగా కనిపిస్తూ, మసి చేతికి అంటుకుంటే అది కాంక్రీటుకి వెళ్ళాల్సిన సరుకు కాదు.

తాపీ_పాలకొల్లు
గానుగసున్నం గారు చెప్పిన బొగ్గు పని దగ్గర చేసే చెడు చెప్తాను. నల్ల బూడిద నీళ్ళు తాగేస్తుంది. మిల్లర్లో మాలు బిర్రుగా వస్తుంది, పారతో తోసినా కదలదు. పైనున్న కుర్రాళ్ళు ఇంకో బకెట్ నీళ్ళు వెయ్యమంటారు. 50 కిలోల సిమెంటుకి 22.5 లీటర్లు వెయ్యాల్సిన చోట 30 పడతాయి. నీటి నిష్పత్తి, అంటే సిమెంటు బరువుకి నీటి బరువు, 0.45 నుంచి 0.60కి వెళ్ళిపోయింది. మర్నాడు స్లాబు మీద పాలపొర తేలి, చెప్పుతో గీకితే పొడి లేస్తుంది. సిమెంటు బాలేదని అంటారు. సిమెంటు తప్పేం లేదండి, నీళ్ళది. మాలుని జారుడు చేసే మందు, ప్లాస్టిసైజర్ వేసినా దాన్నీ ఆ బొగ్గే పీల్చేసుకుంటుంది, డోసు రెట్టింపు చేసినా జారుడు రాదు.

కొత్తగట్టు
ఆ నల్ల బూడిదని మళ్ళీ కాల్చుకుని వాడుకోలేమా అండి? ఊరికే వస్తోంది కదా.

గానుగసున్నం
కాల్చవచ్చు, ఇంటి కట్టుబడికి మాత్రం గిట్టదు. కుప్పగా పోసి నిప్పు పెడితే పైన బూడిద, లోపల బొగ్గు, మధ్యలో వేడి అదుపు తప్పి స్ఫటికం. ఇనుప వల బుట్టలో పలచగా పరిచి గాలి ఆడేటట్టు నిదానంగా కాల్చాలి, థర్మోకపుల్ పెట్టి వేడి చూసుకోవాలి. తర్వాత బాల్‌మిల్లులో 45 మైక్రాన్ల జల్లెడ మీద దాదాపేమీ మిగలనంత మెత్తగా రుబ్బాలి. రుబ్బకపోతే ఆ రేణువు లోపలంతా తేనెపట్టులాగా గుల్ల, నీళ్ళు అందులో దూరిపోతాయి. ఇంత చేసినా ఓపీసీలో 10 శాతం, మహా అయితే 15, అదీ సూపర్ ప్లాస్టిసైజర్‌తో. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ఊక బూడిదని నిషేధించలేదు. నాణ్యత, ఒకే తీరు రుజువు చేసి, బాధ్యత గల అధికారి అనుమతితో వాడమంది. ఇంటి దగ్గర ఆ రుజువు కుదరదు. మిల్లు బూడిదని బేస్‌మెంటు నింపడానికైనా నేరుగా వాడకండి, తేలిక సరుకు, నీటికి కొట్టుకుపోతుంది.

చవిటినేల
లంకగాలి గారి రెండో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంటు మన తీరప్రాంతానికి సరైన మందు కాదు. దానిలో ట్రైకాల్షియం అల్యూమినేట్ అనే సిమెంటు భాగాన్ని కావాలనే 5 శాతం లోపు ఉంచుతారు. సల్ఫేట్‌కి అది మంచిదే. మన నీటిలో సల్ఫేట్‌తో పాటు ఉప్పు, అంటే క్లోరైడ్ కూడా ఉంది. లోపలికి వచ్చిన క్లోరైడ్‌లో కొంత ఆ అల్యూమినేట్‌తో కలిసి గట్టి లవణంగా మారి అక్కడే ఆగిపోతుంది, ఊచ దాకా వెళ్ళదు. అల్యూమినేట్ తగ్గిస్తే క్లోరైడ్‌ని పట్టేది తగ్గిపోతుంది. కాంక్రీటు పగలదు గానీ లోపల ఊచ తుప్పు పడుతుంది. ఐఎస్ 456 కూడా రెండూ కలిసి ఉన్నచోట ఈ సిమెంటు బదులు ఆ అల్యూమినేట్ 5 నుంచి 8 శాతం ఉన్న ఓపీసీ మేలంటుంది. లేదా స్లాగ్ 50 శాతం దాటిన స్లాగ్ సిమెంటు, లేదా ఓపీసీలో స్లాగ్ కలిపిన మిశ్రమం, ఆ పరిస్థితుల్లో అది నిలిచిందన్న సమాచారం ఉంటే.

స్లాగ్ సిమెంటు ప్రమాణం ఐఎస్ 455. అందులో స్లాగ్ 25 నుంచి 70 శాతం వరకూ ఉండొచ్చు. 30 శాతం ఉన్నదీ స్లాగ్ సిమెంటే, 60 ఉన్నదీ అదే. పేరు చూసి కొంటే చాలదు. ఆ లాటు టెస్ట్ సర్టిఫికెట్ డీలర్ని అడగండి, స్లాగ్ శాతం 50 పైన ఉందో లేదో అందులో చూసుకోండి.

ఇంకొక జాగ్రత్త. స్లాగ్ అన్నదల్లా ఒకటి కాదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగిన స్లాగ్‌ని నీటి ధారతో ఒక్కసారిగా చల్లారిస్తే గాజు ఇసుకలాగా వస్తుంది, సిమెంటుకి పనికొచ్చేది అదే. గాలికి మెల్లగా చల్లారింది రాయి, కంకరగా మాత్రమే. ఉక్కు తయారయ్యే కన్వర్టర్ నుంచి వచ్చే స్లాగ్ వేరే జాతి. దానిలో కాలిన సున్నం విడిగా ఉంటుంది, తడి తగిలి నెలల తర్వాత ఉబ్బుతుంది. దాన్ని పొడిచేసి స్లాగ్ పొడి పేరుతో తెస్తే ఫ్లోరింగు ఉబ్బి టైల్సు లేచిపోతాయి. మెత్తగా రుబ్బిన బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్, అంటే జీజీబీఎస్, ఐఎస్ 16714 గుర్తుతో బస్తాల్లో వస్తుంది. దానికి మాత్రమే డబ్బివ్వండి.

లంకగాలి
చాలా స్పష్టంగా ఉందండి. అయితే ఓపీసీ, జీజీబీఎస్ సగం సగం కలుపుకుంటాను. మిల్లర్లో ఎంత పొయ్యాలి? పుటింగులకీ పిల్లర్లకీ లెక్క కావాలి.

రెడీమిక్స్_మిత్ర
మీది తీరప్రాంతం, కనీసం "తీవ్ర" తరగతి. ఐఎస్ 456 పట్టిక ప్రకారం ఆర్‌సీసీకి ఎం 30 గ్రేడు, ఘనమీటరుకి కనీసం 320 కిలోల సిమెంటు, నీటి నిష్పత్తి 0.45 మించకూడదు, ఊచల మీద కవర్ 45 మి.మీ. నేల, నీరు పరీక్షలో సల్ఫేట్ ఎక్కువని తేలితే ఇంకో మెట్టు పైకి వెళ్ళాలి.

మొదలుపెట్టడానికి ఒక లెక్క ఇస్తున్నాను. ఘనమీటరుకి ఓపీసీ 53 గ్రేడు 183 కిలోలు, జీజీబీఎస్ 183 కిలోలు, నీళ్ళు 165 లీటర్లు, ఇసుక 710 కిలోలు, కంకర 1200 కిలోలు. ఒక్క మిల్లరు దింపుకి: ఓపీసీ 25 కిలోలు, జీజీబీఎస్ 25, గోదావరి ఇసుక పొడిగా ఉంటే 97, 20 మి.మీ. కంకర 98, 10 మి.మీ. చిప్స్ 65, నీళ్ళు 22.5 లీటర్లు. దీనికి సుమారు 136 లీటర్ల కాంక్రీటు వస్తుంది. సూపర్ ప్లాస్టిసైజర్ 250 నుంచి 400 గ్రాములు, ఏ కంపెనీది అయితే వాళ్ళ కాగితం చూసి ట్రయల్‌లో తేల్చుకోండి.

ఇసుక ఎప్పుడూ పొడిగా ఉండదు. 4 శాతం తడి ఉంటే 97 కిలోల ఇసుకలోనే దాదాపు 4 లీటర్ల నీళ్ళున్నట్టు. అప్పుడు ఇసుక 101 కిలోలు తూచి, నీళ్ళు 18.5 లీటర్లే పొయ్యాలి. ఎంత తడి ఉందో ఎలా చూడాలంటే, కిలో ఇసుక బాండీలో వేసి పొయ్యి మీద పొడిపొడిగా అయ్యేదాకా కలియబెట్టి మళ్ళీ తూచండి. తగ్గిన బరువు తడి. వాన పడిన రోజు పొద్దుటే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చెయ్యండి.

కొలత తట్టలతో వద్దు, కాటా పెట్టండి. ఓపీసీ సాపేక్ష సాంద్రత 3.15, జీజీబీఎస్ 2.9, ఫ్లైయాష్ 2.2 చిల్లర. తట్టకి తట్ట కొలిస్తే ఫ్లైయాష్ తక్కువ పడుతుంది, పొంగిన సిమెంటయితే లెక్కే ఉండదు.

మిల్లర్లో ముందు సగం నీళ్ళు, కంకర, ఇసుక. తర్వాత ఓపీసీ, జీజీబీఎస్. మిగతా నీటిలో ప్లాస్టిసైజర్ కలిపి చివర్లో. అన్నీ పడ్డాక కనీసం రెండు నిమిషాలు తిరగాలి. స్లాగ్ తెల్లగా ఉంటుంది కాబట్టి మాలులో లేత చారలు కనిపిస్తే ఇంకా కలవలేదని.

పని మొదలుపెట్టే ముందు ఈ మిక్స్‌తో 150 మి.మీ. క్యూబులు పోసి 7, 28, 56 రోజులకి విరగ్గొట్టించండి. ఎం 30కి ట్రయల్‌లో రావలసింది చదరపు మి.మీ.కి 30 కాదు, 38.25 న్యూటన్లు. 28 రోజులకి అది రాకపోతే స్లాగ్ 40 శాతానికి దించడమో, నీళ్ళు తగ్గించడమో చెయ్యాలి.

తాపీ_పాలకొల్లు
స్లాబుకి పనికిరాదన్న మాటకి నా జవాబు: పనికొస్తుంది, సెంట్రింగ్ తొందరగా విప్పితేనే పనికిరాదు. 53 గ్రేడు ఓపీసీకి ఏడు రోజులకి కనీసం 37 న్యూటన్లు రావాలి, స్లాగ్ సిమెంటుకైనా పీపీసీకైనా ఏడు రోజులకి 22 చాలని ప్రమాణం. మొదటి వారంలో అంత తేడా. ఓపీసీ అయితే నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకి పోట్లు 7 రోజులకి, దాటితే 14 రోజులకి తీస్తారు. ఆరు మీటర్ల లోపు బీములకి 14, దాటితే 21. బూడిదో స్లాగో కలిస్తే ఆ రోజుల్ని ఏడుకి పది చొప్పున పెంచాలి: 7 ఉన్నచోట 10, 14 ఉన్నచోట 20, 21 ఉన్నచోట 30. సెంట్రింగ్ సామాను అద్దె ఆ లెక్కకి ముందే మాట్లాడుకోండి. చాలాచోట్ల గొడవ అక్కడే, సామాను ఇంకో పనికి కావాలని ఎనిమిదో రోజున పోట్లు లాగేస్తారు.

తడపడం కూడా అంతే. ఐఎస్ 456 ఓపీసీకి 7 రోజులు, బూడిద కలిస్తే కనీసం 10, వీలైతే 14 అంటుంది. ఉప్పు నేలలో 14 తగ్గించొద్దు. స్లాబు మీద మళ్ళు కట్టి నీళ్ళు నిలపండి. పిల్లర్లకి గోనె చుట్టి తాడు కట్టండి, పొద్దున్నా సాయంత్రం చెంబుతో చల్లితే తడిపినట్టు కాదు, గోనె ఎప్పుడు ముట్టుకున్నా చల్లగా ఉండాలి.

సందేహి
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, బూడిద సున్నాన్ని తినేస్తుందంటున్నారు. ఊచని తుప్పు నుంచి కాపాడేదే సున్నపు గుణం కదా? అప్పుడు బూడిద వల్ల తుప్పు పెరగాలి.

ల్యాబ్‌బల్ల
మంచి ప్రశ్న, సగం నిజం ఉంది. మామూలు మోతాదులో లోపలి నీటి క్షార గుణం ఊచని కాపాడే హద్దు కిందికి దిగిపోదు. కానీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి వచ్చి ఆ క్షారాన్ని చంపుతూ పోతుంది. దాన్ని ఎదుర్కొనే సున్నం నిల్వ బూడిద కాంక్రీటులో తక్కువే. దిట్టంగా తడిపి రంధ్రాలు మూసుకుంటే వాయువుకి దారి దొరకదు. తడపకపోతే రంధ్రాలూ మిగిలాయి, సున్నమూ తగ్గింది, అప్పుడు ఓపీసీ కన్నా అధ్వాన్నం.

కాబట్టి చోటుని బట్టి నిర్ణయం. నీటిలో, నేలలో ఉండే పుటింగులు, పెడెస్టల్స్, ప్లింత్ బీములు: స్లాగ్ 50 శాతం నిస్సంకోచంగా. స్లాబు, పై బీములు: ఫ్లైయాష్ 25 శాతం లేదా మంచి పీపీసీ. సన్‌షేడ్లు, పిట్టగోడ పైభాగం, మెట్ల కింద పలక లాంటి పలచటి చోట్లు కవర్ తక్కువ, తడిపే శ్రద్ధా తక్కువ. అక్కడ 15–20 శాతం దగ్గరే ఆగమంటాను, కవర్ బ్లాకులు మాత్రం తప్పనిసరి.

ఫ్లైయాష్ 25 శాతం లెక్క: ఓపీసీ 50 కిలోల బస్తాకి 16.7 కిలోలు. మొత్తం 66.7, నీళ్ళు 0.45 చొప్పున 30 లీటర్లు, ఇసుక తడి తీసేసి.

బూడిదలారీ
ఫ్లైయాష్ ఎక్కడిదని కూడా అడగండి. మనకి దగ్గర్లో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, అటు పరవాడ సింహాద్రి. రెండుచోట్లా రెండు రకాల బూడిద దొరుకుతుంది. పొగగొట్టానికి ముందు విద్యుత్ ఫిల్టర్లలో పట్టింది పొడి బూడిద, సిమెంటు రంగులో, మూసిన ట్యాంకరులోనో సంచుల్లోనో వస్తుంది. నీళ్ళతో కొట్టి చెరువులోకి పంపింది పాండ్ యాష్, తడిగా, టార్పాలిన్ కప్పిన టిప్పర్లో వస్తుంది. దానిలో కొలిమి అడుగు బూడిద గరుకు కూడా కలిసి ఉంటుంది. ఇటుకలకీ పూడికకీ అది సరిపోతుంది, ఆర్‌సీసీలో సిమెంటు బదులు కాదు.

కాగితం మీద ఐఎస్ 3812 మొదటి భాగం విలువలు చూడండి: 45 మైక్రాన్ల జల్లెడ మీద మిగిలేది 34 శాతం లోపు, బ్లెయిన్ మెత్తదనం కిలోకి 320 చదరపు మీటర్లు పైన, కాల్చితే తగ్గే బరువు 5 శాతం లోపు, సున్నపు చురుకుదనం 4.5 న్యూటన్లు పైన. ఈ చివరి పరీక్షకి పది రోజులు పడుతుంది, లోడు వచ్చాక అడిగితే కుదరదు.

కొత్తగట్టు
పేపరు మిల్లు సున్నపు బురద, చక్కెర ఫ్యాక్టరీ పిప్పి బూడిద సంగతి కూడా ఒక మాట చెప్పండి.

గానుగసున్నం
సున్నపు బురద ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పొడిలాంటిది. బూడిదలాగా సున్నాన్ని పట్టదు. సోడా మిగిలి ఉంటుంది, తడి ఎక్కువ. సిమెంటు ఫ్యాక్టరీలో ముడిసరుకుగా వాడుకోవచ్చు, మన మిల్లరు దగ్గర వద్దు. పిప్పి బూడిదలో కాలని పీచు, మట్టి ఉంటాయి. జల్లించి, మెత్తగా రుబ్బితేనే పనికొస్తుంది. ఊక బూడిద మీద చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది.

చవిటినేల
అన్నిటికన్నా ముందు నీళ్ళ సంగతి తేల్చుకోండి. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు అందరూ బోరు మీద పడతారు. ఆర్‌సీసీ కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. మొత్తం కాంక్రీటులో అన్నీ కలిపి ఘనమీటరుకి 0.6 కిలోలు హద్దు. మీ బోరులో 2000 ఉందనుకోండి, 165 లీటర్లలోనే 0.33 కిలోలు వచ్చి పడింది. సగానికి పైగా హద్దు నీళ్ళతోనే అయిపోయింది. సిమెంటు, ఇసుక, కంకరలో వచ్చేది ఇంకా ఉంది. ఎంత స్లాగ్ వేసినా ఈ ఉప్పు మొదటి రోజునుంచే ఊచ పక్కన ఉంటుంది. పాయల ఒడ్డు ఇసుక, సముద్రం ఆటుపోటు తగిలే చోటి ఇసుక కూడా అందుకే వద్దు.

లంకగాలి
నీళ్ళు ల్యాబ్‌కి పంపుతాను. ఈలోపు సైటు దగ్గర ఏ నీళ్ళు పనికిరావో తెలుసుకోడానికి సిల్వర్ నైట్రేట్ సీసా తెచ్చాను. బోరు నీటిలో చుక్క వేస్తే తెల్లగా పెరుగు తునకల్లాగా విరిగింది. పంచాయతీ ట్యాంకు నీటిలో వేసినా పలచగా తెల్లబడింది. రెండూ పనికిరావనుకోవాలా?

చవిటినేల
అక్కర్లేదు. ఆ ద్రావణం చాలా కొద్దిపాటి ఉప్పుకి కూడా తెల్లబడుతుంది, తాగే నీటిలోనూ మబ్బు కట్టడం మామూలే. పెరుగులాగా విరిగి అడుగుకి దిగిందంటే ఆ బోరు పక్కన పెట్టేయండి. మబ్బు మాత్రమే అయితే అంకె కోసం ల్యాబ్‌కి పంపాలి. లీటరు సీసా ఆ నీటితోనే మూడుసార్లు కడిగి నింపండి, మూత లోపలివైపు వేళ్ళు తగలనివ్వకండి, చెమట ఉప్పు చాలు ఫలితం మార్చడానికి. బోరు అయితే పది నిమిషాలు మోటారు ఆడించాక పట్టండి. కాగితం మీద క్లోరైడ్, సల్ఫేట్, పీహెచ్ మూడూ రాయించండి, పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. అలాగే పుటింగు గోతిలో ఊరిన నీళ్ళు ఇంకో సీసాలో విడిగా పంపండి. కలిపే నీళ్ళు వేరు, పుటింగుని చుట్టుకునే నీళ్ళు వేరు. స్లాగ్ 50 చాలా, 60కి వెళ్ళాలా అన్నది ఆ రెండో సీసా మీద ఆధారపడి ఉంటుంది.